కర్పూరం ఆర్పనన్న మనిషి

నలభై ఏళ్ళుగా నేను మాట్లాడిన ప్రతి సభలోనూ ఒక విషయం తప్పకుండా ఉండేది. గుడి ముందు కర్పూరం వెలిగించి, మండుతున్న దాన్ని అరచేత్తో ఆర్పి, "ఈ తప్పు నేను చేయలేదు" అన్నవాడు నిర్దోషి, ఆర్పనన్నవాడు దొంగ అని తేల్చే ఆచారం మనిషి బుద్ధికే అవమానం అని చెప్పేవాణ్ణి. ఆ మాట అన్నందుకు రెండు ఊళ్ళలో నా చేతిలో మైకు లాక్కున్నారు. ఒక ఊళ్ళో సైకిలు టైర్లు కోశారు. అయినా మానలేదు. అలాంటి నేను కిందటి వేసవిలో ఒకామె ఇంటి ముందు నిలబడి, "పోయి ఆర్పేసి రామ్మా, నీ సొమ్మేం పోతుంది" అన్నాను. ఆ రోజు వచ్చిన కోపం ఇంకా చల్లారలేదు. అందులో సగం ఊరి మీద, సగం నా మీద. కొంత ఆమె మీద కూడా ఉందని ఒప్పుకోవాలి.

మా ఊరికి బుక్కరాయసముద్రం దాటి లోపలికి పోవాలి. బస్సు అక్కడి పెద్ద చెరువు పక్కగా పోతున్నంతసేపు మా ఊరివాళ్ళు మాటలు ఆపి కిటికీలోంచి నీళ్ళనే చూస్తారు. మాకు చెరువు లేదు. ఒక బోరు, ఒక ట్యాంకు, రెండు వాల్వులు. ట్యాంకు నుంచి ఒకే పైపు భూమిలో వంద అడుగులు వచ్చి రెండుగా చీలుతుంది. ఒక వాల్వు తిప్పితే మా పైవీధికి నీళ్ళు, రెండోది తిప్పితే కాలనీకి. రోజు మార్చి రోజు వంతు. ఆ వాల్వులు తిప్పే ఇనుప కడ్డీ తొమ్మిదేళ్ళుగా ఆమె చేతిలో ఉంది. కాలనీ మనిషి. నా దగ్గర ఐదో తరగతి దాకా చదివింది. భర్త బెంగళూరులో కట్టడం పనికి పోయి, నెలకోసారి వస్తాడు. పంచాయతీ ఇచ్చే కొద్దిపాటి జీతం, 'ఆమె వంతు తప్పదు' అనే పేరు, ఈ రెండే ఆమె ఆస్తి. ఆ రెండూ పోయే పరిస్థితి వచ్చింది.

ఆమె దేవుణ్ణి నమ్మే మనిషి. ఆదివారం రేకుల చర్చికి పోతుంది. నీళ్ళు వదిలాక, వాల్వు కట్టేసే సమయం వచ్చేదాకా ట్యాంకు నీడలో కూర్చొని ప్లాస్టిక్ అట్ట వేసిన చిన్న పుస్తకం చదువుకునేది. నేను పొద్దున నడకకు అటే పోతాను. ఒకరోజు ఊరుకోలేక అడిగాను.

"రోజూ ఏమడుగుతావమ్మా ఆయన్ని?"

"ఏమీ అడగను సారూ. నన్ను చూసుకోమంటాను."

"కాపాడమనా?"

"కాదు సారూ. నాలో యాడన్నా తప్పుండాదేమో వెతుక్కోమని."

పుస్తకంలోంచి ఒక కీర్తన చదివి వినిపించింది. పాడేవాడు దేవుడితో నేరుగా మాట్లాడతాడు. నేను తిన్నగా నడిచాను, నిన్ను నమ్ముకొని జారకుండా నిలబడ్డాను, కావాలంటే నన్ను పరీక్షించు, లోపలంతా వెతుకు, అబద్ధాలాడే వాళ్ళ పక్కన నేను కూర్చోలేదు అంటాడు. ఎన్నో స్తోత్రాల మీద, కీర్తనల మీద వాదించినవాణ్ణి. అన్నీ ఇవ్వమని అడిగేవే. తనిఖీకి రమ్మని పిలిచే ప్రార్థన నేను వినడం అదే మొదలు. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే కడుపునొప్పి తెచ్చుకొనే పంతుళ్ళతో ముప్పై ఏళ్ళు పనిచేసినవాణ్ణి కాబట్టి ఆ మాట విలువ నాకు బాగా తెలిసింది. అయినా నోరు ఊరుకోదు కదా.

"తన నిజాయితీకి తానే సాక్ష్యం చెప్పుకుంటే చెల్లదమ్మా" అన్నాను.

"అందుకే కదా సారూ, ఇంగొకరిని చూడమనేది" అని లేచి వాల్వు కట్టడానికి పోయింది.

వేసవి ముదిరింది. మా పైవీధి కొళాయిల్లో గంటన్నర రావాల్సిన నీళ్ళు అరగంటకే ఆగిపోవడం మొదలైంది. కాలనీలో మాత్రం ఎప్పటిలాగే వస్తున్నాయి. ఇంకేముంది, ఆమె తనవాళ్ళకు ఎక్కువ వదిలి మాకు ఎగ్గొడుతోందని తేల్చేశారు. మా వీధిలో ఒక ముసలామె ఉంది. మాటకు పదును ఎక్కువ. రోజూ ఖాళీ బిందె చంకన పెట్టుకొని వీధి మధ్యలో నిలబడేది.

"మన కొళాయి దగ్గుతాండాది. వాళ్ళ కొళాయి పారుతాండాది. కడ్డీ యాడ ఉంటే నీళ్ళు ఆడికే పోతాయి. ఇందులో తెలీనిదేముండాది?"

"అవ్వా, మన వీధి మిట్ట మీద ఉంది, కాలనీ పల్లంలో ఉంది. ట్యాంకులో నీళ్ళు తగ్గితే ముందు మనకే ఆగిపోతాయి. ఆమె వాల్వు సరిగ్గానే తిప్పుతోంది. ట్యాంకే నిండుగా ఉండటం లేదు" అన్నాను.

"మా తాతలు మిట్ట మీద ఇల్లు కట్టింది కాలనీ నీళ్ళు చూసి ఏడ్చేకా సారూ?" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నా భౌతికశాస్త్రం అక్కడితో సరి.

ఒక మంగళవారం పొద్దున మా గ్రామదేవత సుంకులమ్మ గుడి ముందు ఊరు కూడింది. ఆ గుడికి పెద్ద, చీనీ, అంటే బత్తాయి తోట ఆసామి. ట్యాంకు వెనకే అతని తోట. తన బోరు ఎండిపోయినా చెట్లు కాపాడుకుంటున్నాడని, అందుకోసం ట్యాంకర్లు తోలిస్తున్నాడని అందరికీ అతనంటే గౌరవం. అతనే మాట ఎత్తాడు.

"ఒకరి మీద వేలు చూపించేది నాకిష్టం లేదప్పా. అందరం ఆర్పుదాం. ముందు నేనే ఆర్పుతా."

పళ్ళెంలో కర్పూరం వెలిగించారు. ఆసామి చెప్పులు విడిచి, కళ్ళు మూసుకొని, "అమ్మా, ఊరి నీళ్ళు నేను మళ్ళించి ఉంటే నా కండ్లు పోనీ" అని అరచెయ్యి మంట మీద పెట్టాడు. ఆ తర్వాత మా వీధిలో ఇంటికొకరు వరసగా ఆర్పారు. నా వంతు వస్తే నేను చేయనన్నాను. "సార్ సంగతి తెలిసిందేలే, ఆయనకు దేవుడే లేడు" అని నన్ను దాటేశారు. నాస్తికుడిగా నాకు ఊళ్ళో ఆ మాత్రం రాయితీ ఉంది. ఆమెకు లేదు. పళ్ళెం ఆమె ముందుకు వచ్చింది.

"నేను ఆర్పను" అంది.

"ఏం, ఎందుకు ఆర్పవు? చేయకుంటే భయమెందుకు?" అన్నాడు ఆసామి.

"నేను చేయలేదన్నా. చేయలేదని చెబుతాండా. అంతకంటే ఏముండాది చెప్పేది?"

"చెప్పేది అమ్మ ముందర చెప్పు."

"నేను నమ్మని చోట నిలబడి ఒట్టేస్తే అది నాటకమే కదన్నా. నీళ్ళ విషయంలో అబద్ధం ఆడలేదు. ఈడొచ్చి కొత్తగా ఆడాల్నా?"

గోల మొదలైంది. శుక్రవారం దాకా గడువు ఇచ్చారు. ఆ లోపల ఆర్పకపోతే కడ్డీ ఇచ్చేయాలి.

మరుసటి రోజు పొద్దున్నే ఆమెను వెంటబెట్టుకొని ట్యాంకు దగ్గరికి పోయాను. అప్పుడే మోటారు ఆపారు. ట్యాంకు నిండుగా ఉంది. రెండు వాల్వులూ గట్టిగా బిగించమన్నాను. నిచ్చెన ఎక్కి, పొడుగాటి వెదురు కర్ర దించి, తడి ఎంతవరకు వచ్చిందో సుద్దతో గీత పెట్టాను. గంట తర్వాత మళ్ళీ ఎక్కి కర్ర దించాను. తడి గీతకు జానెడు కిందికి దిగింది. ఎవరూ కొళాయి తిప్పలేదు. ఒక్క వాల్వూ తెరవలేదు. నీళ్ళు మాత్రం పోతున్నాయి. ట్యాంకు నుంచి వాల్వుల దాకా వంద అడుగులూ వంగి చూసుకుంటూ నడిచాను. మా నేలలో గిన్నెడు నీళ్ళు కారినా మూడోరోజుకు గరిక మొలుస్తుంది. అక్కడ గరిక కాదు కదా, పచ్చని చుక్క కూడా లేదు. అంటే పైపు పగిలి కారడం లేదు. ఎవరో ఇంకో పైపు కలిపారు.

"చూశావా! ఇదీ రుజువు!" అని అరిచాను.

"నీళ్ళు పోతాండాయని నాకు తెలుసు సారూ. ఎవరు చేసినారో తెలీదు. తెలీకుండా పేరు చెప్పలేను."

ఆ కర్ర భుజాన వేసుకొని గ్రామ సచివాలయానికి పోయాను. కార్యదర్శి నెమ్మదస్తుడు. కర్రను, సుద్ద గీతను చాలాసేపు చూశాడు.

"సార్, మీరు చెప్పేది నిజమే అయి ఉండొచ్చు. పైపు తవ్వాలంటే ఇంజనీరింగు వాళ్ళ అనుమతి రావాల. వాళ్ళకు రాస్తాను. ఈలోపల ఊళ్ళో పెద్దల మాటకు ఎదురుపోతే నాకు కష్టం. ఆమెను ఆర్పమనండి సార్, రెండు నిమిషాల పని."

ఊళ్ళో చదువుకున్న మరో నలుగురి దగ్గరికి పోయాను. నలుగురూ అదే మాట అన్నారు. రెండు నిమిషాల పని. గురువారం సాయంత్రానికి నాకు ఓపిక అయిపోయింది. కాలనీకి పోయాను. ఆమె వాకిట్లో బియ్యం ఏరుతోంది. నేను అరుగు కూడా ఎక్కలేదు. నిలబడే అన్నాను.

"పోయి ఆర్పేసి రామ్మా, నీ సొమ్మేం పోతుంది. అది రాయి. దానికి చెవులు లేవు. నువ్వు ఆర్పినా ఆర్పకపోయినా లోకంలో ఏమీ మారదు. నీ పని నిలబడుతుంది. తర్వాత రుజువు నేను తీస్తాను."

ఆమె చేట కింద పెట్టింది.

"సారూ, నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు బల్ల మీద పలక పోయింది. అందరినీ సుంకులమ్మ మీద ఒట్టెయ్యమని హెడ్మాస్టరు అంటే, నువ్వు వద్దన్నావు. ఒట్టు వేరే, నిజం వేరే అన్నావు. అది నేను మర్చిపోలేదు."

"అప్పుడు పలక. ఇప్పుడు నీ కూడు."

"నీకు అది రాయి. నువ్వు చెయ్యి పెడితే అబద్ధం కాదు, ఆట. నేను పెడితే అబద్ధమే. నన్ను చూసేవాడు ఒకడుండాడని నమ్మి బతుకుతాండా. ఆయన చూస్తాండంగానే ఎట్ల ఆడేది?"

"మరి ఆయన ఇంతవరకూ చేసిందేమిటి? ట్యాంకు మీదికి ఎక్కింది నేను, ఆయన కాదు!"

"కోప్పడొద్దు సారూ. చేస్తాడో చేయడో నాకు తెలీదు. చేస్తేనే నమ్ముతాననలేదు కదా నేను."

విసురుగా తిరిగి వచ్చేశాను. దారంతా ఆమెను తిట్టుకున్నాను. ఇంత మొండితనమా, కళ్ళముందు పని పోతుంటే ఈ పట్టుదలేమిటి అని. ఇంటికి వచ్చి కూర్చున్నాక కాసేపటికి తిట్లన్నీ నాకే తగిలాయి. నాకు పైన అధికారి ఎవరూ లేడని జీవితమంతా గర్వంగా చెప్పుకున్నాను. పైన ఎవరూ లేకపోతే తనిఖీ మనమే చేసుకోవాలి కదా. ఇంకెవరు చేస్తారు? ఆమె రోజూ చేయించుకునే తనిఖీని నేను ఆ గురువారం సాయంత్రం ఎగ్గొట్టాను. నమ్మకం లేనివాడికి ప్రమాణం ఒట్టి ఆట అని చెప్పి, అదే ఆటతో ఊరిని మోసం చేయమన్నాను. ఏ ఆచారం పరువు తీయాలని నలభై ఏళ్ళు తిరిగానో దానిలోకే ఒక మనిషిని నా చేతులతోనే తోయబోయాను.

శుక్రవారం ఆమె మళ్ళీ ఆర్పనంది. అప్పుడు ఆసామి నా వైపు తిరిగాడు.

"సారూ, ఆమె తరపున నువ్వు ఆర్పు. నీకు దేవుడు లేడు, దయ్యం లేదు. నీ చెయ్యి కాలితే బర్నాలు పూస్తాం. ఊరు ఒప్పుకుంటాది. ఏమప్పా?"

"ఒప్పుకుంటాం, ఒప్పుకుంటాం" అన్నారు అందరూ. నవ్వులాట మొదలైంది. నిజం చెబుతున్నాను, నేను పళ్ళెం దగ్గరికి రెండడుగులు వేశాను. ఆమె ఒక్కసారే "వద్దు సారూ" అంది. గట్టిగా అనలేదు. నేను ఆగిపోయాను. ఆమె కడ్డీని గుడి మెట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమే ఆసామి మనిషి ఒకడు టపీమని కర్పూరం ఆర్పి, కడ్డీ తీసుకున్నాడు.

రెండు వారాలు గడిచాయి. ఆమె కూలికి పోయింది. కొత్తవాడు కర్పూరం ఆర్పినవాడు కదా, నీళ్ళు పారాలి. పారలేదు. అరగంట కాస్తా పావుగంట అయింది. దీన్నిబట్టి ఊరు ఏం గ్రహించాలి? కడ్డీ ఎవరి చేతిలో ఉన్నా ఒకటే, లోపం ఇంకెక్కడో ఉంది అని. ఊరు ఏం గ్రహించిందో తెలుసా? ఆమె ఆర్పనన్నందుకు సుంకులమ్మకు కోపం వచ్చి నీళ్ళు ఎండగట్టిందట. ఆ మాట విన్న రోజు నేను అన్నం తినలేదు.

మరుసటి రోజు పొద్దున గడ్డపార, పార తీసుకొని ట్యాంకు దగ్గరికి పోయాను. అనుమతి లేదు. అరవై ఎనిమిదేళ్ళ ఒంట్లో బలమూ లేదు. మొదటి గుంట తవ్వాను, మామూలు పైపు. రెండోది తవ్వాను, అదే పైపు. చేతులు బొబ్బలెక్కాయి. మా వీధి ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో వచ్చి చుట్టూ నిలబడ్డారు. ముసలామె ముందు నిలబడింది.

"ఏం సారూ, వజ్రాలు వెతుకుతాండావా? దారి తప్పినావు. వజ్రకరూరు ఆపక్క ఉండాది."

"నీళ్ళు వెతుకుతున్నానవ్వా."

"రాళ్ళలో?"

"రాళ్ళలోనే. మీ బుర్రల్లో వెతికితే దొరకలేదు."

అందరూ నవ్వారు. ముసలామె నవ్వలేదు. కాసేపు నా చేతుల వైపు చూసి, కోడలి వైపు తిరిగి, "ఊరికే నిలబడినావు, ఆ పార తీసుకో. నీళ్ళు లేవు, వంట లేదు, ఏం పనుండాది నీకు?" అంది. కోడలు పార అందుకుంది. తర్వాత ఇంకో ఇద్దరు వచ్చారు. నాలుగో గుంటలో పైపుకు ఒక బూడిదరంగు పైపు అతికించి కనిపించింది. మట్టి లాగుతూ పోతే అది కంచె కింద నుంచి నేరుగా చీనీతోటలోకి పోయింది. ట్యాంకర్లు తోలిస్తున్నాడన్న మాట ఊరితోపాటు నేనూ నమ్మాను. ఆ తోటకు ట్యాంకరు రావడం ఒక్కసారైనా చూశానా అని నన్ను నేను అడగలేదు. హేతువాదిని నేను!

ఆసామి వచ్చాడు. గుంటలోకి చూశాడు. అతని ముఖంలో సిగ్గు కోసం వెతికాను. అలసట మాత్రం కనిపించింది.

"చెట్లు చావనియ్యాల్నా సారూ? ఎనిమిదేండ్లు బిడ్డల మాదిరి పెంచినా. కండ్ల ముందర ఎండిపోతాండాయి."

"మరి అమ్మవారి ముందు ఆర్పావే? కళ్ళు పోనీ అన్నావే?"

"అమ్మకు నా కష్టం తెలుసులేప్పా. కోడిని కోసి ఒప్పించుకుంటా."

నలభై ఏళ్ళ నా ఉపన్యాసాల్లో లేనిది ఆ ఒక్క మాటలో దొరికింది. దేవుణ్ణి నమ్మేవాళ్ళు ఒకవైపు, నమ్మనివాళ్ళు ఇంకోవైపు అని గీత గీసి వాదించాను ఇన్నాళ్ళూ. ఆ గీత తప్పు చోట గీశాను. ఒప్పించుకోగల దేవుడితో బతికే మనిషికి, వెతికి చూసుకోమని దేవుణ్ణి పిలిచే మనిషికి మధ్య ఉన్న దూరం ఇంకా ఎక్కువ.

ఇంతా అయ్యాక గెలుపు నాదనుకుంటారేమో. మధ్యాహ్నానికి మా వీధిలో తీర్పు వచ్చింది: సుంకులమ్మే పైపు బయటపెట్టింది. కాలనీలో ప్రార్థన పెట్టుకొని, దేవుడు ఆమెకు న్యాయం తీర్చాడన్నారు. కార్యదర్శి ఫోన్ చేసి, అనుమతి లేకుండా తవ్వినందుకు వివరణ రాసివ్వమన్నాడు. నా చేతుల బొబ్బలకు ఎవరి లెక్కలోనూ చోటు లేదు.

పైపు కోసేశారు. మరుసటి రోజు పొద్దున కడ్డీ ఆమెకే ఇవ్వాలని అందరూ ఒప్పుకొని గుడి దగ్గరికి పిలిపించారు. కడ్డీ అమ్మవారి ముందు పెట్టి, పసుపు రాసి ఉంచారు. ఆసామి అక్కడే ఉన్నాడు, ఏమీ జరగనట్టు.

"అయిందేదో అయింది. అమ్మకు ఒక దండం పెట్టి తీసుకోమ్మా" అన్నాడు.

"పని ఇస్తే చేస్తానన్నా. దండం పెట్టను."

మళ్ళీ మొదలు. ఎండ ఎక్కుతోంది. ఆడవాళ్ళు బిందెలతో నిలబడి ఉన్నారు. ఒక్క దండం! పైపు దొరికింది, పేరు తిరిగి వచ్చింది, ఇంకా ఏమిటీమె అని నాకు ఒళ్ళు మండింది. నోరు తెరిచాను. అదే మాట నాలుక చివరికి వచ్చింది. మూసుకున్నాను. ఆ వేసవి మొత్తంలో నేను చేసిన మంచి పని తవ్వడం కాదు, అదే.

ముసలామె జనాన్ని తోసుకుంటూ వచ్చి కడ్డీ లాగి ఆమె చేతిలో పెట్టింది.

"ఆ దండమేందో నేనే పెడతా, ఒకటి కాదు, నాలుగు. నువ్వు బిన్నా పోయి నీళ్ళు ఇడువు తల్లీ. ముఖం కడుక్కునేకి కూడా లేవు."

క్షమించమని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. ఆమె పసుపు తుడిచి, కడ్డీ భుజాన వేసుకొని నడిచింది. మేమంతా బిందెలు ఎత్తుకొని వెంటపడ్డాం. ట్యాంకు నిండుగా ఉంది. ఆమె వంగి వాల్వు తిప్పింది. మా వైపు వాల్వు కాదు.

"ఏందమ్మే, ఇటు తిప్పు!" అని అరిచింది ముసలామె.

"ఈ పొద్దు కాలనీ వంతు అవ్వా. మీది రేపు."

"రెండు వారాలు ఎండినాం మేము! నీకు కడ్డీ ఇప్పించింది నేను!"

"ఇప్పించినావు అవ్వా, కాదనలేదు. వంతు వంతే."

ముసలామె నా వైపు తిరిగింది. నేనేదో చెబుతాననుకుంది. నేను బిందె ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకున్నాను. కాలనీ వైపు పైపులో నీళ్ళు పోతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆడవాళ్ళు ఆమెను నోటికొచ్చినట్టు తిడుతూ మిట్ట ఎక్కసాగారు. వాళ్ళ వెనక నేనూ, ఖాళీ బిందెతో.